చప్పట్ల ఉచ్చు

చప్పట్లక్క తన జీవితంలో పగ పట్టింది ఒక్కసారే. పట్టినప్పుడు మాత్రం సగంలో వదిలిపెట్టలేదు. క్షమించడం గొప్ప గుణమనీ, కాలమే అన్నీ మాన్పుతుందనీ అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్ళ కోసం రాసిన పుస్తకాలు ఏ షాపులో చూసినా అట్టలు మెరిపిస్తూ కనిపిస్తాయి.

ఆమెది సభలు జరిగే ఒక హాల్లో పని. ఊడ్చేది ఆమే, మడత కుర్చీలు పరిచేది ఆమే, వేదిక మీద గాజు గ్లాసుల్లో నీళ్ళు నింపి మూతలు పెట్టేది ఆమే. సభ అయ్యాక కుర్చీల కింద దొరికిన గొడుగులు, కళ్ళజోళ్ళు దాచిపెట్టి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు ఇచ్చేదీ ఆమే. ఒకసారి ఒక కట్టుడు పళ్ళ సెట్టు దొరికింది. దాని కోసం ఎవరూ రాలేదు. "ఉపన్యాసం ఇచ్చినాయనదే అయ్యుంటుందక్కా, చివర్లో మాటలు నమిలేశాడు చూడు" అన్నాడు మైకతను. ఈ మైకతను ఆ హాల్లో ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితుడు. నోరు దురుసు, మనసు మంచిది.

ఆమెకు చప్పట్లక్క అన్న పేరు రావడానికి కారణం ఒక నత్తి ఉపన్యాసకుడు. పాపం ఆయన మాట మధ్యలో ఆగి, చప్పట్ల కోసం చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక గోడ దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ ఈమెకు జాలేసి, చీపురు చంకలో ఇరికించుకుని కొట్టింది. అంతే, హాలంతా అందుకుంది. హాలు మేనేజరు ఆ సంగతి కనిపెట్టి, మర్నాటి నుంచి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక సభలు పెట్టుకునేవాళ్ళు కుర్చీలు, మైకు, చప్పట్లక్క అని మూడూ కలిపి అడగడం మొదలుపెట్టారు. ఆమె వెనక ఒక బ్యాచి కూడా తయారైంది. వీధిలో పొద్దుపోని ఆడవాళ్ళు, రిటైరై ఇంట్లో కోడలి చూపులకు భయపడే మగవాళ్ళు. ఫ్యాను కింద కూర్చోవడం, టీ తాగడం, ఆమె కొట్టినప్పుడు కొట్టడం. అంతే పని.

ఆ పని తేలికనుకునేరు. చప్పట్లు ముందు వరసలో మొదలైతే భజన అని తెలిసిపోతుంది. చివరి వరసలో మొదలైతే వెక్కిరింతలా ఉంటుంది. నడవ పక్కన, మధ్యకు కాస్త వెనగ్గా మొదలవాలి. అరచేతులు బిర్రుగా పెట్టి కొడితే చెంపదెబ్బలా మోగుతుంది. కాస్త గుంటగా పట్టి కొడితే ఆ శబ్దం నిండుగా పాకుతుంది, పక్కవాడి చేతులు వాడి ప్రమేయం లేకుండానే లేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం అదను. వక్త గొంతు పెంచి, చివరి మాట సాగదీసి, గాలి పీల్చుకుంటాడు చూడండి, అక్కడ పడాలి. పడకపోతే వక్త నీళ్ళ గ్లాసు అందుకుంటాడు. "ఆయన నీళ్ళు తాగాడంటే నా పరువు పోయినట్టే" అనేది.

ఇంకో సంగతి. ఆమె ఉపన్యాసాలు వినేది కాదు. గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ ఆగుతోంది, అంతే చూసేది. "అర్థం వింటూ కూర్చుంటే అదను తప్పుతుంది" అని బ్యాచికి కూడా నూరిపోసింది. ఆ మాట ఆమెను ఎక్కడ దెబ్బ తీసిందో కాసేపట్లో చెబుతాను.

ఇంగ్లీషులో క్లాప్‌ట్రాప్ అని ఒక మాట ఉంది. ఇప్పుడు దాని అర్థం డొల్ల మాటలు, పస లేని ఆర్భాటం, చెప్పేవాడికే నమ్మకం లేని సొల్లు. పుట్టినప్పుడు అది అంత చెడ్డ మాటేం కాదు. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట నాటకాల వాళ్ళు వాడుకున్న పనిమాట. క్లాప్ అంటే చప్పట్లు, ట్రాప్ అంటే ఉచ్చు. చప్పట్లను పట్టే ఉచ్చు. నాటకం రాసేవాడు కథకు అక్కర్లేకపోయినా నటుడి ముచ్చట తీర్చడానికి అక్కడక్కడా ఒక ఆవేశపు డైలాగు ఇరికించేవాడు. నటుడు వేదిక అంచుకొచ్చి, చెయ్యెత్తి, గొంతు చించుకుని దాన్ని చెప్పేవాడు. జనం పడిపోయేవాళ్ళు. ఆ డైలాగే ఉచ్చు. రానురాను ఆ మాట నాటకశాల గడప దాటి మీటింగుల్లోకి, పేపర్లలోకి వచ్చింది. వచ్చేసరికి ఉచ్చు సంగతి అందరూ మరిచిపోయారు, డొల్లతనం మాత్రం మిగిలింది.

మనకూ ఇలాంటి మాటలకు కొదవేం లేదు. సోది, సొల్లు, సుత్తి, ఊకదంపుడు, కోతలు, డబ్బా. కావాలంటే ఇంకో పది చెప్పొచ్చు. కానీ ఇవన్నీ మాట్లాడేవాణ్ణి తిట్టే మాటలే. విన్నవాడు వీటిలో ఎక్కడా దోషి కాడు, పాపం చెవులు పోగొట్టుకున్న బాధితుడు. ఇంగ్లీషు మాటలో మాత్రం విన్నవాడి చేతులు కూడా ఉన్నాయి. ఉచ్చు వేసేది ఒక్కడు, వెళ్ళి అందులో చేతులు పెట్టేది హాలంతా. చప్పట్లక్క ఈ మాట ఎన్నడూ వినలేదు. తన చేతులు ఆ ఉచ్చులో పడ్డ రోజు మాత్రం ఆమె చచ్చేదాకా మర్చిపోదు.

ఆమెకొక చెల్లెలు. అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. చెల్లెలు పెద్ద లాండ్రీలో పని చేసేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు అక్కడికి గుట్టలుగా వస్తాయి. ఉతికిన తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, సలసల కాగే రెండు రోలర్ల మధ్యకు అందిస్తారు. అవతలి వైపు అది పొడిగా, చదునుగా బయటికొస్తుంది. రోలరు ముందు ఒక ఇనప కమ్మీ ఉండాలి. చెయ్యి దానికి తగిలితే మెషీను ఆగిపోతుంది. ఒక పొద్దున వీళ్ళు పనిలోకి వెళ్ళేసరికి కమ్మీలు లేవు. ఎవరు తీశారని అడిగితే సూపర్‌వైజరు "పని చూసుకోండి" అన్నాడు. కొన్నాళ్ళకు ఒక దుప్పటి అంచు దారం చెల్లెలి వేలికి చుట్టుకుంది. దుప్పటితో పాటు చెయ్యీ లోపలికి పోయింది. కుడిచేతికి బొటనవేలు, చూపుడు వేలు మిగిలాయి.

గాయం మానుతుండగానే లాండ్రీవాళ్ళు హాల్లో భద్రతా సభ పెట్టారు. ఓనరు స్వయంగా కబురు చేశాడు, ఆ అమ్మాయి ముందు వరసలో కూర్చోవాలని. అక్కాచెల్లెళ్ళు సంతోషించారు. నలుగురిలో ఏదో మంచిమాట చెబుతాడనుకున్నారు. చెల్లెలు మంచి బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అక్క తన చోట తాను కూర్చుంది.

ఓనరు గొంతు బొంగురు, వినసొంపుగా ఉంటుంది. "ఈ అమ్మాయి నాకు కూతురులాంటిది" అన్నాడు. "తొందరపడింది. పని త్వరగా అయిపోవాలని కమ్మీని తన చేతుల్తోనే ఊడదీసింది. తప్పు చేసింది. అయినా మేం పరాయిదాన్ని చేశామా? తప్పు చేసిన బిడ్డను ఏ తండ్రి వదులుకుంటాడు? మాది ఫ్యాక్టరీ కాదు..." గొంతు లేచింది, మాట సాగింది, "కుటుంబం!"

గాలి పీల్చుకున్నాడు. అక్క చేతులు పడ్డాయి.

హాలు మోగిపోయింది. ముందు వరసలో చెల్లెలు తల వెనక్కి తిప్పి చూసింది. అంత రొదలోనూ మొదటి చప్పట ఎవరిదో ఆమెకు తెలుసు, చిన్నప్పటి నుంచీ ఎరిగిన చేతులవి. అక్క ఆ చూపు చూశాకగానీ తను దేనికి కొట్టిందో వినలేదు. మాటలు ఆలస్యంగా, ఒక్కొక్కటే వచ్చి చెవిలో పడ్డాయి.

ఆ సాయంత్రం గదిలో చెల్లెలు అడిగింది, "ఏం విని కొట్టావక్కా?"

"ఏం వినలేదే. అదే కదా నా ఖర్మ."

"నేను తీశానని ఆయన అంటుంటే..."

"చెప్పు తీసుకుని కొట్టవే. ఊరికే అడక్కు."

కూతురులాంటి అమ్మాయిని ఓనరు ఆ నెలలోనే పనిలోంచి తీసేశాడు. ప్రమాదం మీద పైపైన జరిగిన విచారణలో సాయంగా సాక్ష్యం చెప్పేవాళ్ళూ లేరు. దుప్పటి రెండో కొస పట్టుకున్న అమ్మాయి ఒకరోజు మెట్ల కింద అక్కను పట్టుకుని, "నోరు విప్పితే నా పని పోతుందక్కా" అని ఏడ్చి వెళ్ళింది. వాళ్ళ గది ఉన్న మేడలో అందరికీ ఓనరు చెప్పిన కథే తెలుసు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని, "తొందరపాటు పిల్ల, చేజేతులా తెచ్చుకుంది" అనేవాళ్ళు. చెల్లెలు కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆ చెయ్యి చున్నీలో చుట్టుకునేది. అవన్నీ అక్క ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకరోజు అన్నం తింటుండగా వచ్చింది.

"అక్కా, ఒకవేళ నేనే తీశానేమో."

"ఏంటే?"

"నాకు గుర్తులేదేమో. దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పింది కదా. అంతమంది చప్పట్లు కొట్టారు. అబద్ధానికి అంతమంది కొడతారా?"

అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వేళ్ళు తీసుకున్నాడు సరే, ఇప్పుడు బుర్ర కూడా తీసుకుంటున్నాడు. తీసుకోవడానికి అప్పనంగా తన చేతులు వాడుకున్నాడు. ఆ పూట ఆమెకు ఏం కావాలో తెలిసింది. డబ్బు కాదు, జాలి కాదు. ఆ అబద్ధం ఏ నోట్లోంచి వచ్చిందో నిజం కూడా ఆ నోట్లోంచే రావాలి, అదే హాల్లో, అదే మైకులో. చెల్లెలు తన చెవులతో వినాలి. ఆ తర్వాత ఆ మనిషి ఏమైపోయినా ఫర్వాలేదు. అసలు ఏదైనా అయిపోతే ఇంకా మంచిది.

కోర్టులూ పిటిషన్లూ ఆమెకు తెలియవు. తెలిసింది చప్పట్లు. రోజూ చూసి చూసి ఆమె ఒక సంగతి పట్టింది. వక్తలు చప్పట్లు ఎటు పడితే అటు నడుస్తారు. చెట్లు నాటడం గురించి మాట్లాడటానికొచ్చిన ఒక హెడ్మాస్టరు, కుర్రతనంలో ప్రేమించిన పిల్ల పేరు నోరు జారితే వీళ్ళు కొట్టారు. ఇంకాస్త చెప్పాడు, ఇంకాస్త కొట్టారు. చివరికి ఆ పిల్ల కోసం గోడ దూకిన సంగతీ, కుక్క కరిచిన చోటూ చెప్పి దిగాడు. చెట్ల మాటే రాలేదు. ఆయన భార్య మూడో వరసలో ఉంది.

"ఓనర్ని అలా గోడ దూకించాలి" అంది మైకతనితో.

"ఆ గోడ ఎత్తెక్కువక్కా. వాడు జాగర్తపరుడు."

"జాగర్తంతా నోటికుంటుంది. చెవులకుండదు."

అదను దానంతటదే నడిచొచ్చింది. వర్తకుల సంఘం ఓనరుకు ఉత్తమ పారిశ్రామికవేత్త అవార్డు ప్రకటించింది. సభ ఈ హాల్లోనే. ముఖ్య అతిథి కొత్తగా బదిలీ మీద వచ్చిన లేబర్ ఆఫీసరమ్మ. లాండ్రీ సూపర్‌వైజరు పనిగట్టుకుని అక్క దగ్గరికొచ్చాడు. ఆమె, చెయ్యి పోయిన అమ్మాయి అక్కాచెల్లెళ్ళని అతనికి తెలుసు. కానీ చీపురు పట్టిన మనిషికి రోషం ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు.

"పోయినసారి అదరగొట్టావక్కా. సార్ ఇప్పటికీ చెబుతుంటారు. ఈసారి హాలు కూలిపోవాలి."

"మీరేం దిగులు పెట్టుకోకండి. కూలుస్తాను."

సభ ముందు రోజు బ్యాచిని వెనక వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. "ఈసారి అర్థం వినండి. కుటుంబం, కార్మికులు, దయ, అదృష్టం అన్నాడా, బొమ్మల్లా కూర్చోండి. తన గొప్ప తాను చెప్పుకున్నాడా, చేతులు పగిలేలా కొట్టండి. మెషీన్ల సంగతి వస్తే నన్ను చూడండి. నేనేం చేస్తే అది."

"మరి కుటుంబం అన్నప్పుడు అలవాటు కొద్దీ చేతులు లేస్తే?" అన్నాడు రిటైర్డ్ పోస్ట్‌మాన్ తాత.

"వాటి మీద కూర్చో తాతా."

చెల్లెలు రానంది. మళ్ళీ ఆ హాల్లో అడుగు పెట్టనంది. "వెనక వరసలో కూర్చో, ఎవరూ చూడరు. నేను నిన్ను ఒక్కటే అడుగుతున్నాను, చెవులు తెచ్చుకో చాలు" అని అక్క చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యే.

ఓనరు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకొచ్చాడు. లాండ్రీ మనిషి ఒంటి మీద మరక కనపడకూడదు కదా. జ్ఞాపిక అందుకుని, జేబులోంచి కాగితం తీసి మొదలుపెట్టాడు.

"ఈ అవార్డు నాది కాదు. మా కార్మికులది!"

గాలి పీల్చుకున్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినపడింది.

"మాది ఫ్యాక్టరీ కాదు..." ఈసారి ఇంకా సాగదీశాడు. "కుటుంబం!"

ఎవరో దగ్గారు. పోస్ట్‌మాన్ తాత తన చేతుల మీద తాను కూర్చుని దేవుడి పటంలా చూస్తున్నాడు. ఓనరు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆ గుటకల చప్పుడు మైకులో పడింది. ముందు వరసలో సూపర్‌వైజరు వెనక్కి తిరిగి అక్క వైపు కళ్ళెగరేశాడు. ఆమె అతన్ని చూడలేదు.

"మా నాన్నగారు నాకు అప్పజెప్పినప్పుడు అక్కడేముంది? రెండు తొట్లు, ఒక దండెం. అంతే." ఓనరు తడుముకున్నాడు. "రోలర్లు తెప్పించింది నేను."

అక్క కొట్టింది. గట్టిగా కాదు, రుచి చూపించినట్టు. అక్కడక్కడా నాలుగు చేతులు కలిశాయి. ఓనరు ముఖంలోకి రక్తం వచ్చింది.

"ఇన్ని ఆసుపత్రుల దుప్పట్లు ఒక్కచోట ఉతకడం అయ్యే పనేనా అన్నారు. చూస్తారా అన్నాను నేను!"

ఈసారి సగం హాలు. ఓనరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాగితం జేబులోకి పోయిందంటే మనిషి చేతికి చిక్కినట్టే. మైకతను పెట్టె వెనకాల నుంచి అక్క వైపు చూసి మీసం కింద నవ్వాడు.

"ఇంజినీరు వచ్చి రోలరు వేగం పెంచకూడదండీ అన్నాడు. ఏమయ్యా, జీతం నువ్వు నాకిస్తున్నావా, నేను నీకిస్తున్నానా అన్నాను!"

నవ్వులు, ఈలలు, చప్పట్లు. ఓనరు మైకు స్టాండు వదిలేసి, మైకు చేత్తో పట్టుకుని వేదిక అంచుకొచ్చాడు.

"అసలు ఆ మెషీన్లు చేసినవాళ్ళకు బుర్ర లేదండీ. ప్రతి రోలరు ముందూ ఒక ఇనప కమ్మీ పెట్టారు. గుడ్డ ముడతపడి దానికి తగిలినా సరే, మెషీను ఆగిపోతుంది. పొద్దస్తమానం ఆగడమే. ఇట్లా అయితే పని నడుస్తుందా? అప్పుడు నేనేం చేశాను..."

ఆగాడు. ముందు వరసలో సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఓనరు చూశాడు. నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది.

ఇక్కడ చప్పట్లు కొడితే అతను బతికిపోతాడు. నవ్వేసి, చెయ్యూపి, ఇంకో మాటలోకి దూకేస్తాడు. అక్క కొట్టలేదు. రెండు చేతులూ గుండెల ఎత్తుకు లేపి, మధ్యలో జానెడు ఎడం ఉంచి, కుర్చీలో ముందుకు వంగింది. పక్కనున్న ఆవిడ కూడా లేపింది. పోస్ట్‌మాన్ తాత చేతులు బయటికి లాగి లేపాడు. వాళ్ళను చూసి బ్యాచితో సంబంధం లేనివాళ్ళూ లేపారు. హాలు నిండా గాల్లో ఆగిన చేతులు. దాహంతో ఉన్నవాడికి గ్లాసు చూపించి అందివ్వనట్టు. ఓనరు సూపర్‌వైజర్ని చూశాడు, ఆ చేతుల్ని చూశాడు. సూపర్‌వైజరు ఒక్కడు, ఆ చేతులు లెక్కలేనన్ని.

"పీకి పారేయండిరా అన్నాను! నేనే దగ్గరుండి, స్పానరు చేతికిచ్చి, అన్ని కమ్మీలూ పీకించాను! ఆ రోజు నుంచి మా రోలరు ఆగింది లేదు!"

అప్పుడు కొట్టింది. ఆ హాలు కట్టిన తర్వాత అన్ని చప్పట్లు పడలేదని మైకతను ఇప్పటికీ చెబుతాడు. జోరు తగ్గకముందే అక్క లేచి నిలబడింది.

"సార్! వెనక వరసకి సరిగ్గా వినపడలేదు. కమ్మీలు తీయించింది ఎవరన్నారు?"

మైకతను సౌండు పెంచాడు.

"నేనే అమ్మా! నేనే తీయించాను!"

ఈసారి ఒక్క చప్పటా పడలేదు. ఆ నిశ్శబ్దంలో ఓనరు గొంతు వీధి వైపు పెట్టిన స్పీకర్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి ఆయన చెవిలోనే పడింది. వేదిక మీద లేబర్ ఆఫీసరమ్మ తను చదవాల్సిన అభినందన కాగితాన్ని బోర్లా పెట్టింది.

"కమ్మీలు ఎప్పుడు తీయించారు?" అని అడిగింది, మైకు లేకుండానే.

"అంటే... అది మేడం..."

"మీ లాండ్రీలో ఒక అమ్మాయి చెయ్యి పోయిందని విన్నాను. అంతకు ముందా, తర్వాతా?"

ఆ జవాబు కోసం అక్క ఆగలేదు. వెనక వరసకు నడిచింది. చెల్లెలు నిలబడే ఉంది. చున్నీ జారిపోయింది, చెయ్యి బయటికే ఉంది, చూసుకోలేదు.

"విన్నావా?"

"విన్నాను."

"ఎవరు తీశారు?"

"ఆయన."

"ఇంకోసారి చెప్పు."

"ఆయనేనే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసిరింది చెల్లెలు. దెబ్బ తగిలాక ఆమె ఎవరినైనా కసరడం అదే మొదలు. అక్కకు ఆ కసురు హాలంతా పడ్డ చప్పట్లకన్నా బాగుంది.

తర్వాతి సంగతులు చకచకా జరిగాయి. ఆఫీసరమ్మ లాండ్రీకి వెళ్ళి, కమ్మీలు మళ్ళీ బిగించేదాకా రోలర్లు తిరగకూడదని ఆపించింది. విచారణ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. దుప్పటి రెండో కొస పట్టుకున్న అమ్మాయి తనంతట తానే వెళ్ళి చూసింది చెప్పింది. ఆసుపత్రుల వాళ్ళు దుప్పట్లు వేరే చోటికి పంపుకున్నారు. అక్క పనిలో కూడా ఒక మార్పు వచ్చింది. కుర్చీలు, మైకు మాత్రం అడుగుతున్నారు, మూడోది అడగడం మానేశారు. మళ్ళీ చీపురు దగ్గరికే వచ్చింది. "పీడ విరగడైంది" అంది.

చెల్లెలి వాంగ్మూలం తీసుకోవడానికి ఆఫీసరమ్మ వస్తుందనగా, ముందు రోజు సాయంత్రం ఓనరు అక్కాచెల్లెళ్ళ మేడ మెట్లెక్కాడు. గదిలో ఒకే కుర్చీ ఉంది, అక్క దాని మీద మడతపెట్టిన బట్టలు తియ్యలేదు. ఓనరు నిలబడే మాట్లాడాడు. గొంతు అదే, బొంగురుగా, కమ్మగా.

"స్టేజి ఎక్కాక మనిషికి ఒక ఊపు వస్తుందమ్మా. చప్పట్లు పడుతుంటే నోటికొచ్చింది అనేస్తాం. అవన్నీ నిజాలా? ఉత్త మాటలు. రేపు ఆఫీసరమ్మ అడిగితే, ఆయనేదో గొప్పకి అన్నాడు, కమ్మీ నేనే తీశాను అని ఒక్క మాట చెప్పు తల్లీ. మళ్ళీ పనిలోకి తీసుకుంటాను. హాయిగా కూర్చుని చేసుకునే పని."

జీవితమంతా డొల్ల మాటలతో నెట్టుకొచ్చిన మనిషి. పొరపాటున ఒకే ఒక్క నిజం మాట్లాడాడు. ఇప్పుడు దాన్నే డొల్ల మాటల లెక్కలో వేయమని బతిమాలుతున్నాడు. అక్క ఏదో అనబోయింది. చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మరి భద్రతా సభలో నేనే తీశానన్నారే. అదీ ఉత్త మాటేనా సార్?"

ఓనరు నేల చూశాడు. "అదీ... అట్లాంటిదే అనుకో."

"ఆ ఉత్త మాట విని నన్ను నేనే అనుమానించుకున్నాను. అద్దంలో నా ముఖం నాకే దొంగముఖంలా కనిపించేది."

"సరేనమ్మా. తప్పే. నువ్వు తీయలేదు. సరేనా?"

"నేను తీయలేదని నాకు తెలుసు. నాకెందుకు చెబుతారు? వాళ్ళకు చెప్పండి."

తలుపు తీసే ఉంది. వరండాలో కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. ఒక బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ కుళాయి కట్టలేదు. ఓనరు అక్క వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, రేపటి సంగతి తలుచుకున్నాడు కాబోలు, వరండాలోకి వెళ్ళాడు.

"ఆ అమ్మాయి తీయలేదు. నేనే తీయించాను" అన్నాడు తన చెప్పులతో చెబుతున్నట్టు.

"గట్టిగా" అంది చెల్లెలు.

గట్టిగా చెప్పాడు.

"అయ్యయ్యో, మేం ఎప్పుడైనా అన్నామా?" అంది అందరికన్నా ఎక్కువ అన్న ఆవిడ, బిందె ఎత్తుకుంటూ.

ఓనరు తెల్ల రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సరేనా తల్లీ? ఇక రేపు..."

"రేపటి సంగతి రేపు చూద్దాం సార్. పైన ఇంకో అంతస్తుంది. వాళ్ళూ అన్నారు."

ఓనరు మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత పిట్టగోడ పట్టుకుని పైకే ఎక్కాడు. అక్క గడపలోకి వచ్చి చెల్లెలి చెవిలో అడిగింది, "ఏమే, నిజంగానే రేపు ఆయన తరఫున చెబుతావా ఏంటి?"

"నాకేం పిచ్చా? ఉన్నదున్నట్టు చెబుతాను" అంది చెల్లెలు, మెట్ల వైపు నుంచి చూపు తిప్పకుండా. "ముందు పైవాళ్ళు కూడా వినాలిగా."